గుమ్మం గాలి

"గాలి రావద్దా మే ఇంట్లోకి?" అంది మా అత్త ఎస్తేరమ్మ, చాటలో చింతపండు గింజలు తీస్తూ.

"గాలి కిటికీలోంచి వస్తాది గదత్తా."

"కిటికీ గాలి వేరే. గుమ్మం గాలి వేరే."

"గాలికి గూడా రకాలుంటాయా?"

"ఉంటాయి. కిటికీ గాలి మొహాన కొడతాది. గుమ్మం గాలి సన్నంగా వస్తాది, ఒంటికి మంచిది. మీ నాయన పడవలు చేసే మనిషి. నీళ్లు రాకుండా మూసేది ఆయనకు తెలుసు గానీ, గాలి సంగతి ఏం తెలుసు?"

"మా నాయన ఊసెందుకు ఇప్పుడు? మా గది గుమ్మం పక్కన ఉండేది చారెడు మట్టి మెత్తితే పోయే సందు. నేనే మెత్తుకుంటా."

"మెత్తుకో తల్లీ. కొత్త కోడలు వచ్చీ రాకముందే గది సందులన్నీ మూసుకునింది, లోపల ఏం దాచిపెట్టిందోనని వీధంతా అనుకుంటారు. అనుకోనీ. నాదేం పోయింది?"

పెళ్లయి ఆ ఇంటికి వచ్చి అప్పటికి ఒక వేసవి కూడా పూర్తిగా దాటలేదు. అత్తకు ఎదురు చెప్పడం మా పుట్టింట్లో నేర్పిన విద్య కాదు. అయినా చెప్పానంటే ఆ సందు నన్ను ఎంత ఏడిపించిందో అర్థం చేసుకోవాలి. మెత్తడానికి లేదు, మెత్తకుండా ఊరుకోవడానికి లేదు. మెత్తినట్టు ఎవరి కంటికీ కనపడకుండా మెత్తాలి. ఆ పని ఎలా చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాది మూడో తరగతితో ఆగిన చదువు. తప్పులుంటే మీరే సర్దుకోండి. నేను ఒకరి తప్పులు సర్దుకునే మనిషిని కాను గానీ, మీరు సర్దుకోవచ్చు.

మొన్న నెల్లూరులో మా మనవడు కొన్న కొత్త ఫ్లాటుకు పోయినప్పుడు ఈ తగాదా మాటకు మాట గుర్తుకొచ్చింది. నేను పోయేటప్పటికి ఒక పనాయన తలుపుల చుట్టూ కొట్టిన చెక్క పట్టీలకూ గోడకూ మధ్య సందులు పూడుస్తున్నాడు. ఆ పట్టీల్ని ఇప్పుడు బీడింగు అంటున్నారు. ఆయన చేతిలో పళ్లపేస్టు గొట్టం లాంటిది ఉంది. నొక్కితే లప్పం సన్నటి తీగలా సందులోకి దిగుతుంది. వేలితో ఒక్క లాగు లాగి, తడిగుడ్డతో తుడిచి, ముందుకు జరుగుతున్నాడు. పక్కన ఒక అట్ట, దాని మీద చెక్క రంగులన్నీ బిళ్లలు బిళ్లలుగా అచ్చువేసి ఉన్నాయి. ఏ రంగు కావాలో వేలు పెట్టి చూపిస్తే చాలు, ఆ రంగు గొట్టం తెస్తారట. మా మనవడి భార్య నన్ను చేయి పట్టుకుని దగ్గరకు తీసుకుపోయి, "అవ్వా, చూడు, రంగు కలిసిందా?" అని అడిగింది.

"ఎండనీ. తడిగా ఉన్నప్పుడు అన్నీ కలిసినట్టే ఉంటాయి" అన్నాను.

పనాయన తల తిప్పి నన్ను చూశాడు. "అవ్వ ఈ పని చేసినట్టుండాదే" అన్నాడు.

"కాపరం చేసినా" అన్నాను.

వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. ఉన్నమాట చెప్పాను.

మా అత్తవారి ఊరు కావలికి తూర్పున, సముద్రం హోరు వినపడే దూరంలో. ఇంట్లో నడుమ ఒక నడవ, దానికి ఆ చివర వంటిల్లు, ఈ చివర మా గది. ఇల్లు కట్టిన మా మామ నేను రాకముందే పోయాడు. ఆయన పొదుపు ఎలాంటిదో మా గది గుమ్మం చూస్తే తెలిసేది. ఎడమ పక్క నిలువు వేపచెక్క, కుడి పక్క నిలువు పనసచెక్క, పైన అడ్డం తాటిచెక్క. ఎప్పుడు ఏది మిగిలితే అది. గోడ అంచులు కప్పడానికి చుట్టూ కొట్టిన పట్టీలు కూడా అదే వరస, వేప పక్కన వేప, పనస పక్కన పనస, తాటి మీద తాటి. మా సంఘం పాస్టరు అయ్యగారు మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు ఆ గుమ్మం కింద నిలబడి, "త్రిత్వం గురించి ప్రసంగం చేయాల్సి వస్తే జనాన్ని ఇక్కడికే తీసుకొస్తాను ఎస్తేరమ్మా" అన్నారట. ఆ మాట మా అత్త ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పుకునేది. త్రిత్వంలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ముగ్గురూ విడిపోరు. మా గుమ్మంలో ముగ్గురూ ఎవరి దారిన వాళ్లు పోయారు. సముద్రపు గాలికి ఒకటి ఉబ్బితే ఒకటి ముడుచుకుని, ఎండాకాలం వచ్చేటప్పటికి పట్టీలకూ గోడకూ మధ్య చిటికెన వేలు దూరేంత సందు తెరుచుకుంది. ఆ సందు అవతల, నడవలో, తల గుమ్మం వైపుకు పెట్టుకుని మా అత్త మంచం.

మంచం ఉంటే ఏమి అంటారా? అక్కడే ఉంది కథంతా. మా ఆయన దేవదానం బిట్రగుంటలో రైలింజన్ల షెడ్డులో పనిచేసేవాడు. ఇంకా క్వార్టర్సు రాలేదు. వారమంతా తోటి పనివాళ్లతో ఒక గదిలో ఉండి, శనివారం పొద్దుగూకేటప్పటికి బొగ్గు వాసనతో, సబ్బు వాసనతో ఇంటికి వచ్చేవాడు. ఆ రెండు వాసనలూ కలిసి వస్తేనే నాకు శనివారం. ఆదివారం గుడి, ప్రసంగం, మధ్యాహ్నం చేపల పులుసు. సోమవారం పొద్దున్నే చద్దన్నం తిని మళ్లీ రైలుకు. అంటే మేమిద్దరం మాట్లాడుకోవడానికి గది తలుపు వేసుకున్నాక ఉండే కాస్త సమయమే. నడవలో తల్లి ఎదుట పెళ్లాంతో మాట్లాడటం ఆ రోజుల్లో మగవాడికి నామోషీ. ఆయన మామూలుగా మాటకారి. ఇంజను ఎక్కడ ఎలా మొరాయించిందో, డ్రైవరు దాన్ని ఏమని తిట్టాడో, ఇంజను బొగ్గు తినే శబ్దం ఎలా ఉంటుందో నోటితో చేసి చూపించేవాడు. నేను రైలు ఎక్కింది పెళ్లికి వచ్చేటప్పుడు ఒక్కసారే. ఆయన నోట్లో అది ప్రతి శనివారం నడిచేది.

ఇక మా అత్త ప్రార్థన. మా ఇంట్లో పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, చాప మీద మోకరించి కుటుంబ ప్రార్థన చేశాకే పొయ్యి వెలిగేది. మా అత్తే పైకి చేసేది, మేం కళ్లు మూసుకుని వినాలి. నడుమ ఎవరూ నోరు తెరవకూడదు, కళ్లు తెరవకూడదు. ఆమె ఆ నియమాన్ని బాగా వాడుకునేది. ఒక శనివారం మా ఆయన నాతో, కావలిలో హోటల్లో మసాలా దోశ తిన్నానని, లోపల ఉర్లగడ్డ కూర ఎంత బాగుందోనని చెప్పాడు. మర్నాడు ప్రార్థనలో మా అత్త, "ప్రభువా, తల్లి చేతి సంగటి దిగక హోటళ్లలో ఉర్లగడ్డలు తినే బిడ్డల కడుపులను కాపాడు తండ్రీ" అంది. నేను కళ్లు మూసుకునే చెమటలు కక్కాను. ఇంకో వారం ఆయన, అయ్యగారి ప్రసంగం మొదలైతే తనకు ఇంజను షెడ్డులో కంటే హాయిగా నిద్ర వస్తుందన్నాడు. ఆ ఆదివారం సరిగ్గా అయ్యగారే ఇంటికి ప్రార్థనకు వచ్చారు. మా అత్త అంతా మామూలుగా చేసి, చివర్లో, "నీ వాక్యము వినుచుండగా నిద్రపోవు నా కుమారుని మేలుకొలుపుము" అని ఆమెన్ చెప్పింది. అయ్యగారు కూడా ఆమెన్ అనాల్సి వచ్చింది. దేవుడితో చెప్పుకున్న మాట మీద ఎవరు తగాదా పడతారు?

దాంతో మా ఆయన నోరు కట్టేసుకున్నాడు. శనివారం వస్తే గదిలో సైగలే. నీళ్లు కావాలంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టేవాడు. ఇంజను సంగతి అడిగితే గుమ్మం వైపు చూపించి చెయ్యి అడ్డంగా ఊపేవాడు. వారమంతా ఎదురుచూసింది ఒక మూగవాడి కోసమా అనిపించేది. మాట కోసమే ఏడుస్తున్నానని ఎవరికైనా చెబితే నవ్వుతారు. తిండికి లోటు లేదు, గుడ్డకు లోటు లేదు, కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. ఇంకేం కావాలి అంటారు. నాకు ఆ ఇంజను కావాలి. అందుకే సందు మూస్తానన్నాను, అందుకే మా అత్త గాలి అంది.

ఇక దొంగతనంగానే మూయాలి. మా నాయన చిట్టమూరు వైపు, పులికాటు చెరువు ఒడ్డున పడవలు చేసేవాడని చెప్పాను కదా. పలకల మధ్య సందుల్లో దూది దూర్చి, నూనెలో కాచిన గుగ్గిలం పోసి నీళ్లు రాకుండా చేసేవాడు. దూది మెలిపెట్టి ఇవ్వడం నా పని. బడి మానింది అందుకే. కాబట్టి సందు పూడ్చే పని నాకు చేతకానిది కాదు. కానీ పడవకు రంగు ఎవడు చూస్తాడు? ఇక్కడ రంగే ముఖ్యం. అదీ ఒక రంగు కాదు, మూడు. మా మామ పొదుపుకు నేను పడిన పాట్లు ఆయన చూడకుండానే పోయాడు.

ముందు చెక్కపొట్టు. గుమ్మానికి లోపలి వైపున, తలుపు తెరిస్తే మరుగున పడే చోట, గాజుపెంకుతో గీరితే పొట్టు రాలేది. ఏ చెక్క పొట్టు ఆ చెక్కకే, మూడు కొబ్బరి చిప్పల్లో. అత్త ఎండుచేపల గంప ఎత్తుకుని ఊళ్లు తిరగడానికి పోయినప్పుడు గీరేదాన్ని. పొట్టును గంజితో కలిపి విరిగిన పీట వెనక వైపు చుక్క పెట్టి చూశాను. తడిగా ఉన్నప్పుడు అచ్చు చెక్కే. ఎండితే పాలిపోయి బూడిద రంగు. ఇంకాస్త ముదురు కలిపితే ఎండాక బొగ్గు. వంటింటి పొగ వెలుతురులో కలిసిన రంగు నడవ వెలుతురులో కలవదు. ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు, ఆ పీటే చెప్పింది. వేపకు గోడకు పూసే ఎర్రమట్టి చిటికెడు వేస్తే కుదిరింది. తాటికి దీపం బుడ్డి మసి. పనస ఏడిపించింది. పసుపు వేస్తే పెళ్లికూతురి బుగ్గలా మెరిసిపోతుంది, మా గుమ్మానికేమో పాత బెల్లం రంగు. బెల్లమే వేద్దామనుకున్నాను గానీ చీమలు పడతాయని మానుకున్నాను. అంత తెలివి ఉంది నాకు. చివరికి అయ్యగారు వచ్చిన రోజు కాచిన కాఫీ పిప్పి దొరికింది. మా అత్త పిప్పిని కూడా ఎండబెట్టి మళ్లీ కాచే మనిషి, అగ్గిపుల్లను బ్లేడుతో రెండుగా చీల్చి వాడే మనిషి. ఆ పిప్పిలో కొంచెం తగ్గిందని కనిపెట్టకుండా తీయడం, రంగు కలపడం కంటే కష్టమైంది.

గంజి పట్టు లేదు, ఎండితే పొడిగా రాలిపోతుంది. గుగ్గిలం కొందామంటే ఊళ్లో ఉన్నది ఒక్క అంగడి. నేను గుగ్గిలం అడిగితే నేను ఇంటికి చేరేలోపే ఆ మాట అత్తకు చేరుతుంది. అప్పుడు గుర్తుకొచ్చింది బంక. చేప కడుపులో తెల్లగా గాలితిత్తి ఉంటుంది కదా, దాన్ని ఎండబెట్టి నీళ్లలో సన్నమంట మీద ఉడికిస్తే వచ్చే బంక చెక్కను చెక్కతో కరిపిస్తుంది. మా పుట్టింట్లో విరిగిన తెడ్లు దాంతోనే అతికించేవాళ్లు. మా అత్తవారింట్లో చేపలు కోసి ఉప్పు పెట్టడమే పని, తిత్తులు కుక్కలకు పారేసేవాళ్లు. ఖర్చు లేదు, అడిగేవాళ్లు లేరు. పులుసు కాగుతున్నప్పుడే పక్క పొయ్యి మీద బంక కాచాను. ఇల్లంతా ఎటూ చేప వాసనే, అందులో ఇదొకటి ఎవరికి తెలుస్తుంది?

శనివారం మధ్యాహ్నం ఆడవాళ్లందరూ గుడి ఊడ్చి, చాపలు దులిపి వస్తారు. నాకు తలనొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోయాను. సందులోకి ముందు పాతగుడ్డ పీలికలు మెలిపెట్టి దూర్చాను, పడవకు దూది పెట్టినట్టే. దాని మీద బంకలో కలిపిన పొట్టు, చిప్పకు ఒక చెక్కపేడుతో. వేలికి నూనె రాసుకుని పై నుంచి కిందికి ఒకే లాగు. తాటి మీద నల్లచారలు ఉంటాయి కదా, చీపురుపుల్లను మసిలో ముంచి ఆ చారల్ని కూడా గీశాను. సాయంత్రానికి ఎండింది. దూరం నుంచి చూశాను, దగ్గర నుంచి చూశాను, తల వంచి అడ్డంగా చూశాను. సందు ఎక్కడుండేదో నాకే తెలియలేదు. మా అత్త గుడి నుంచి వచ్చి, ఆ గుమ్మానికే ఆనుకుని నిలబడి, తలనొప్పి తగ్గిందా అని అడిగింది.

మా ఆయన నమ్మలేదు. గోడ తడిమి చూసి కూడా నమ్మలేదు. పరీక్ష పెడదామని, కావలిలో ఫోటో తీయించుకున్నానని మెల్లగా అన్నాడు. తీయించుకోలేదు, ఊరికే అన్నాడు. తెల్లవారి ప్రార్థనలో ఫోటో వస్తుందేమోనని ఇద్దరం చెవులు రిక్కించి కూర్చున్నాం. మా అత్త "ప్రభువా" అంది. ఆగింది. "తండ్రీ" అంది. మళ్లీ ఆగింది. చివరికి పక్కింటి వాళ్ల గొడ్డుకు జబ్బు నయం చేయమని అడిగి ముగించేసింది. ఆ ఇంట్లో నేను చూసిన అతి చిన్న ప్రార్థన అదే. ఆ పైవారం మా ఆయన నోట్లో ఇంజను మళ్లీ నడిచింది. నాకు నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అంతా బాగుందనుకున్నాను. కానీ మా అత్త దిగులు పడిపోయింది. పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నట్టుండి చిటికె వేసుకుని వినేది, కుడి చెవి దగ్గర ఒకసారి, ఎడమ చెవి దగ్గర ఒకసారి. ఎవరైనా పిలిస్తే వెంటనే పలికి, "వినపడతా ఉండాదిలే, అరవబాకండి" అనేది. ఒకరోజు గిన్నెలో వెల్లుల్లి వేసి కాచిన నూనె తెచ్చి నా ఎదుట తల వంచి పడుకుంది.

"పొయ్యి మే చెవుల్లో."

"ఏమైంది అత్తా?"

"మా అమ్మకు ఈ వయసులోనే చెవులు పోయినాయి. పగలు బాగానే వినపడతాది, రాత్రయితే గుడ్డ కట్టినట్టుంటాది."

నూనె చుక్క చుక్కగా వదిలాను. నూనెను అంత ఖర్చు పెట్టిన మనిషి కాదు ఆమె. చెప్పేద్దామనుకున్నాను. చెబితే శనివారం పోతుంది. అటు తిరిగి పడుకోమని, రెండో చెవిలో కూడా పోశాను.

అంతలో ముసురు పట్టింది. ఎండుచేపలన్నీ కుండల్లో పెట్టి మూతలు బిగించాం. పెరట్లో ఎండబెట్టే చేపల కోసం అలవాటు పడిన పిల్లులకు తిండి లేదు. పైగా ఆ తేమ గాలికి చెక్కలు ఉబ్బాయి, నా బంక మెత్తబడింది. మెత్తబడిన బంక తాను ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేసుకుంది. చీమల సంగతి ఆలోచించిన బుర్రకు పిల్లుల సంగతి తోచలేదు. ఆదివారం పొద్దున మేం ముగ్గురం మోకరించి ఉన్నాం. మా అత్త ప్రార్థన పక్కింటి గొడ్డు దగ్గర మొదలై మెల్లగా నడుస్తోంది. వెనక నుంచి గర్ గర్ మని గోకుడు. మా అత్త ఆగింది. మళ్లీ గోకుడు.

"నాకు వినపడతా ఉండాది" అంది మా అత్త. ప్రార్థన నడుమ ఆమె కళ్లు తెరవడం నేను చూశాను. అంటే నేనూ తెరిచాననుకోండి. "అబ్బయా, సన్నటి గోకుడు, నాకు వినపడతా ఉండాది. చెవులు బాగుండాయి. స్తోత్రం తండ్రీ" అని వెనక్కి తిరిగింది.

గుమ్మం దగ్గర మూడు నాలుగు పిల్లులు. ఒకటి వెనక కాళ్ల మీద నిలబడి పనస పక్క పట్టీని పట్టుకుని శ్రద్ధగా నాకుతోంది. కింద ఒకటి వేప పక్కన గోకి, నా లప్పాన్ని పీలికలతో సహా బయటికి లాగుతోంది. మా అత్త లేచి పోయి, వేలాడుతున్న ముక్కను పట్టి లాగింది. పెనం మీద నుంచి అట్టు లేచినట్టు పొడుగ్గా లేచి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది తిత్తి బంక గదా. ఎవరు పెట్టినారు?"

"నేనే అత్తా."

"ఎప్పుడు?"

"నువ్వు గుడి ఊడ్చేదానికి పోయినప్పుడు."

"అయితే నా చెవుల్లో నూనె పోసేటప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే పోసినావు."

"నువ్వు పొయ్యమంటే పోసినా."

"అంత నూనె దండగ. అన్ని వెల్లుల్లి రెబ్బలు దండగ."

"ఆ సందు గాలి కోసం గదా అత్తా నువ్వు వదిలింది? గాలి రాకపోతే చెవులకు నూనె ఎందుకు?"

మా ఆయన తల దించుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడని నాకు తెలుసు. మా అత్త ఆ బంకముక్కను చేతిలో అటూ ఇటూ తిప్పుతూ నిలబడి, ఈసారి మెల్లగా అంది. "వాడు నాతో ఏం మాట్లాడతాడు మే? అన్నం పెట్టు, పోయొస్తా, అంతే. వాళ్ల నాయన గూడా అంతే. ఇంజన్ల కతలన్నీ నీకే జెప్తాడు. నాకు వినబుద్ధి కాదా?"

మా ఆయన భుజాలు కదలడం ఆగిపోయింది. పిల్లుల్ని ఎవరూ తోలలేదు. ఆ ఆదివారం గుడికి ముగ్గురం ఒకరి వెనక ఒకరం పోయి, అలాగే వచ్చాం. పులుసులో ఉప్పు ఎక్కువైందని కూడా ఎవరూ అనలేదు.

మనవడి ఇంట్లో పని అయిపోయాక, పట్టీలు ఎండాక, నేను ఒక్కో తలుపు దగ్గరా నిలబడి చూశాను. రంగు కలిసింది, అబద్ధం చెప్పను. ఆ గొట్టంలో వాసన ఉన్నా పిల్లులు వచ్చే వాసన కాదు. వచ్చినా అన్ని అంతస్తులు ఎక్కి రావు. తలుపులు వేస్తే ఇక లోపల మనుషులున్నారో లేదో తెలియదు. మనవడు ఒక గదిలో, భార్య ఒక గదిలో, చెవుల్లో ఏవో పెట్టుకుని మాట్లాడుకుంటారు, ఒకరితో ఒకరు కాదు, ఇంకెవరితోనో. మాటలు వినపడకుండా దాచుకోవడానికి ఆ ఇంట్లో అత్త లేదు. నన్ను హాల్లో దివాను మీద పడుకోబెట్టారు, మంచి మెత్తటి పరుపు. తల తలుపు వైపుకే పెట్టుకున్నాను, ఫ్యాను గాలి బాగా తగులుతుందని. చెవి పెట్టి చూశాను కూడా. చిన్న గుసగుస లేదు. మనవడు ఆఫీసులో ఏం చేస్తాడో, ఎవరు వాడిని నవ్విస్తారో నాకు ఒక్క ముక్క తెలియదు. అడిగితే, "బాగానే ఉందవ్వా" అంటాడు. మర్నాడు ఆ పనాయన వచ్చి సామాను సర్దుకుంటున్నప్పుడు, ఒక్కచోట సందు వదిలేసి పోవయ్యా అని చెబుదామనిపించింది. ఎందుకని అడుగుతాడు. గాలి కోసమని చెప్పాలి.

ఆ పిల్లుల ఆదివారం గడిచి సోమవారం తెల్లవారింది. మా అత్త ప్రార్థనలో చెవులకు స్తోత్రం చెప్పి, వానకు స్తోత్రం చెప్పి, ఇంకేమీ చెప్పకుండా ముగించింది. మా ఆయన చద్దన్నం గిన్నె తీసుకుని వంటింట్లో కూర్చోకుండా నడవలోకి వచ్చి, తల్లి మంచం మీద పక్కన కూర్చున్నాడు. కూర్చుని, ఇంజను మొరాయించిన కథ మొదటి నుంచి చెప్పాడు. ఆమె చెవుల్లో ఇంకా నూనె ఉందనుకున్నాడో ఏమో, వీధికి వినపడేలా చెప్పాడు. బొగ్గు తినే శబ్దం కూడా చేసి చూపించాడు. మా అత్త నవ్వలేదు, "ఆ డ్రైవరు ఏమని తిట్టినాడు, ఇంకోసారి చెప్పు" అంది. ఆయన రైలుకు ఆలస్యమై పరుగెత్తాల్సి వచ్చింది.

ఆయన పోయాక మా అత్త తన మంచం తానే ఎత్తి, ఈడ్చుకుంటూ వంటింటి వైపు చివరకు తీసుకుపోయింది. సాయం పట్టబోతే వద్దంది. "పిల్లుల గోలకు ఆడ నిద్ర పట్టదు" అంది. తరవాత అంగడికి పోయి, కాగితం పొట్లంలో గుగ్గిలం తెచ్చి, గిన్నెలో మిగిలిన వెల్లుల్లి నూనెతో పాటు మా గుమ్మం దగ్గర పెట్టింది.

"ఈ నూనెలోనే కాంచు, పారబోసేది లేదు" అంది. గుమ్మాన్ని కింది నుంచి పైకి, పిల్లులు ముట్టని చోటు దాకా, ఒకసారి చూసింది. "రంగు మాత్రం నువ్వే కలుపు."

నేను ఎర్రమట్టి కోసం పెరట్లోకి పోయాను.